పెద్ద లెన్సులో పట్టనివి

ఆదివారం పొద్దున్నే జనగామలో మా ఇంటి ముందు నుంచి మోటార్ సైకిళ్లు పోతుంటాయి. వెనక కూర్చున్నవాడి వీపుకు పెద్ద సంచి, అందులో ఆరువందల ఎం.ఎం. లెన్సు. భూపాలపల్లి అడవులకు పోతున్నారు, పులి కోసం. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నా దగ్గరికి వచ్చారు. "సార్, మీరు పేపర్ల చేసేటప్పుడు పెద్ద లెన్సు వాడిండ్రట కదా, జర ట్రిక్కులు చెప్పుండ్రి" అని అడిగారు. ఏ షట్టర్ స్పీడు, ఏ అపర్చరు అని వాళ్ల ఉద్దేశం. అవన్నీ ఫోన్లో దొరుకుతాయి, నన్ను అడగాల్సిన పని లేదు.

నాకు బాగా తెలిసింది భయం. పత్రికా ఫొటోగ్రాఫర్‌గా నా నౌకరీ అంతా ఏదో ఒక భయంతోనే గడిచింది. భయం మరిచిపోయిన రోజుల్లోనే ప్రాణం మీదికి వచ్చింది. టీ ఇచ్చి పంపించానే గానీ వాళ్లకు ఈ మాట సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆఫీసు లెన్సు

మా కాలంలో పెద్ద లెన్సు సొంతానికి కొనుక్కున్నవాడు లేడు. అది ఆఫీసుది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అంతటికీ కలిపి ఒక్కటే ఉండేది. కబడ్డీ పోటీలున్నా, అడవిలో జంతువు కనిపించినా, దాన్ని సంతకం పెట్టి తెచ్చుకుని పని కాగానే తిరిగి అప్పజెప్పాలి. నోరు చూస్తే పాలగిన్నె అంత ఉంటుంది. స్టాండుతో కలిపి భుజాన వేసుకుంటే మెడ పట్టేసేది. బస్సులో పైన పెట్టడానికి ధైర్యం చాలక ఒళ్లో పెట్టుకుని, బ్రేకు పడ్డప్పుడల్లా రెండు చేతులతో కావలించుకునేవాణ్ని. "ఏంది బిడ్డా అది, తబలానా?" అని ఒకసారి పక్క సీట్లో అవ్వ అడిగింది. అవునన్నాను. వాయించమంటుందేమోనని తొర్రూరు దాకా భయపడ్డాను.

ఇంట్లో దాన్ని మంచం మీద పడుకోబెట్టి, నేను కింద పడుకునేవాణ్ని. ఆ గొట్టానికి ఉన్న మర్యాద ఈ ఇంట్లో మనిషికి లేదని మా ఆవిడ దక్కనీ ఉర్దూలో అన్న మాట ఇప్పటికీ మా చుట్టాల్లో నడుస్తూనే ఉంది.

లెన్సు పగిలితే నౌకరీ పోతుందన్నది మొదటి భయం. అది చిన్న భయమని తరవాత తెలిసింది. దూరంగా ఉన్నదాన్ని లెన్సు దగ్గరికి తెస్తుందని అందరూ అంటారు. నిజానికి ఏదీ దగ్గరికి రాదు. చూపు ఒక్కటే అంత దూరం పోతుంది. మన కాళ్లు, మన గొంతు ఉన్నచోటే ఉంటాయి. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఎక్కదు.

పెద్దసారు

మా డెస్కుకు పెద్ద ఒకాయన ఉండేవాడు. కోస్తా మనిషి. పేరెందుకుగానీ పెద్దసారు అనే పిలిచేవాళ్లం. నా మాటను ఎక్కిరించేవాడు. నేను ఫోన్లో "వచ్చినం సార్, పోయినం సార్" అంటే అటునుంచి అదే రాగంలో తిరిగి అని, చుట్టూ ఉన్నవాళ్లను నవ్వించేవాడు. అది నేను మరిచిపోలేదు, క్షమించనూ లేదు. అయినా ఒక విషయంలో ఆయనకు దండం పెట్టాల్సిందే.

రఘునాథపల్లి దగ్గర గుట్ట మీద చిరుత ఎండ కాగుతోందని కబురు వస్తే పోయాను. ఊరికి ఇటు పొలాల్లో స్టాండు వేసి తీశాను. మధ్యలో ఊరు, వెనక గుట్ట. ఒక డాబా మీద ఒకామె మిరపకాయలు ఎండబోస్తోంది. ఫొటోలో ఆమె భుజం పక్కనే చిరుత తల వచ్చింది. అంత మంచి ఫొటో అప్పటికి నేను తీయలేదు. మొదటి పేజీ ఖాయమనుకుని ఆఫీసుకు పోయాను.

పెద్దసారు చాలాసేపు చూశాడు. "ఆవిడకీ చిరుతకీ మధ్య ఎంత దూరముందయ్యా?" అని అడిగాడు.

"అర కిలోమీటరు ఉంటది సార్. నడుమ ఒక రోడ్డు గూడ ఉన్నది."

"ఫొటోలో రోడ్డేదీ?"

పెద్ద లెన్సు గుణమే అంత. ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ ఒకచోటికి లాగి అతికిస్తుంది.

"రేపు పొద్దున ఇది చూసి ఆ ఊళ్లో ఏ తల్లి పిల్లల్ని బడికి పంపుతుంది? నువ్వు పంపుతావా?" అని ఫొటో పక్కన పడేశాడు. నాకు ఒళ్లు మండింది. కోస్తావాడు కాబట్టి నా ఫొటో ఆపాడని నలుగురికీ చెప్పుకున్నాను.

సాయంత్రానికల్లా వేరే పేపరువాళ్లెవరో అట్లాంటి ఫొటోనే తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. తెల్లారి ఊళ్లో తలుపులు తెరుచుకోలేదు. మగవాళ్లు కర్రలు, గొడ్డళ్లు పట్టుకుని గుట్ట ఎక్కారు. చిరుత ఎప్పుడో పోయింది. గుట్ట దిగేటప్పుడు ఒకాయన రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానకు తీసుకుపోతుంటే ఆ ఫొటో కూడా నేనే తీశాను. మిరపకాయల ఆమె ఆ తరవాత కూడా తన డాబా తను ఎక్కడానికి వణికేది. "నాకైతే అది ఎన్నడు కండ్లవడలే సారూ. ఫొటోల సూసినంకనే భయం వట్టుకున్నది" అంది. పెద్దసారుకు ఈ మాట చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే యాస ఎక్కిరిస్తాడని చెప్పలేదు.

తొర్రూరు కోడె

ఆటల ఫొటోల్లో ప్రమాదం ఏముంటుందని అనుకోకండి. తొర్రూరులో కబడ్డీ పోటీలు జరుగుతున్నాయి. కూతకు పోయినవాడి ముఖం మీద లెన్సు పెట్టి, ఒక కన్ను మూసి, వాడి చెమట చుక్కలు లెక్కబెడుతున్నాను. జనం కేకలు పెరిగాయి. పట్టుకున్నారు కాబోలనుకుని ఇంకా గట్టిగా బటన్ నొక్కాను. పట్టింది ఎవరినీ కాదు. పశువుల అంగడి నుంచి పలుపు తెంచుకున్న కోడె జనంలో పడింది. అది నా వెనక నుంచి వస్తోందట. ఎవరో నా కాలర్ పట్టి పక్కకు లాగారు. కింద పడ్డాక చూస్తే స్టాండు కాలు వంకర పోయింది, లెన్సు నా పొట్ట మీద ఉంది. లాగినాయన ఎవరో ఇప్పటికీ తెలియదు. "చెవుల పత్తి వెట్టుకున్నవానె?" అని తిట్టి పోయాడు.

మా రూలు

ఆ తరవాత పెద్ద లెన్సుతో ఒంటరిగా పోలేదు. చిట్యాల మండలానికి మా విలేకరి సారయ్య ఉండేవాడు. మనిషి మంచివాడు, పిరికివాడు. ఉడుత కదిలినా ఉలిక్కిపడేవాడు. అడవికి పోయే ముందు రోజు నుంచే అన్నం సరిగా తినడని వాళ్లింట్లో చెప్పేవారు. అయినా పిలిస్తే కాదనకుండా బండి తీసేవాడు. నేను లెన్సులో చూస్తుంటే నా వీపుకు వీపు ఆనించి కూర్చుని వెనక చూసేవాడు. నేను కనిపెట్టిన పద్ధతి కాదు, పాత ఫొటోగ్రాఫర్లు చాలామంది అట్లాగే చేసేవారు.

మహబూబాబాద్ జిల్లాలో గూడూరు అడవి వైపు ఒకసారి ఎలుగుబంటి వచ్చింది. నేను ఎదురుగా కొమ్మ మీద ఉన్న పెద్ద డేగను చూస్తున్నాను. "అన్నా, ఎలుగు" అన్నాడు సారయ్య. "యాడ?" అని అడిగాను, కన్ను తియ్యకుండానే. నేను డేగ ఉన్న దిక్కునే వెతుకుతున్నాను. లెన్సులో ఉన్నప్పుడు అంతే, లోకమంతా ఆ ముక్కలోనే ఉందనిపిస్తుంది. సారయ్య నా చొక్కా పట్టి ఈడ్చాడు. ఎలుగు మా వైపు రెండడుగులు వేసి, ఏమనుకుందో, పొదల్లోకి మళ్లింది. రోడ్డు మీదికి వచ్చాక సారయ్య బండికి ఆనుకుని కక్కుకున్నాడు.

ఆ రోజు ఇద్దరం ఒక రూలు పెట్టుకున్నాం. అడవిలో మాటలు వద్దు. ఎవరైనా కేక వేస్తే జంతువు వెనక ఉన్నట్టు. ఎక్కడ, ఏంది అని అడగొద్దు, తల తిప్పొద్దు, ముఖం ఎటుంటే అటు ఉరకాలి. ఎవరైనా గభాలున కూర్చుంటే ముందు ఏదో ఉన్నట్టు, రెండోవాడు కూడా ఉన్నచోటే కూర్చోవాలి, కదలొద్దు. అటవీ శాఖవాళ్లు విని నవ్వారు. జంతువును చూసి ఉరకడమంత బుద్ధి తక్కువ పని లేదన్నారు. వాళ్లన్నదే నిజం. మేం పేపరోళ్లం, ఎవరి మాట వింటాం? టీ కొట్టు దగ్గరా, బస్టాండులోనూ ఒకడు కూర్చుంటే రెండోవాడు కూర్చునేదాకా సాధన చేశాం. జనం పిచ్చివాళ్లనుకున్నారు.

పల్లిచేను

చిట్యాల అవతల అడవి అంచున ఒక దూడ చచ్చిపడి ఉందని, మెడ మీద గాట్లున్నాయని కబురు వచ్చింది. గోదావరి దాటి పులి వచ్చిందని అప్పటికే పుకారు. తెల్లవారకముందే పోయాం. ఒక చిన్న రాళ్లగుట్ట మీద పొద చాటున స్టాండు వేసుకున్నాను. కింద వాగు, వాగు ఒడ్డున ఒక పల్లిచేను, దాని వెనక అడవి.

చేను అవతల అడవి అంచున తడినేలలో పులి అడుగులు పడ్డాయేమో చూసి వస్తానని సారయ్యే అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఫోన్ తీసి నా సంచిలో వేశాడు. జంతువు దగ్గరికి పోయేవాడి ఫోన్ మోగితే పని చెడుతుందని, ఆ అలవాటు కూడా మాదే.

"నన్ను ఇడిసిపెట్టి పోకు అన్నా" అన్నాడు.

"యాడికి పోత? బండి తాళంచెవి నీ జేబుల్నే ఉండె."

నవ్వకుండానే దిగిపోయాడు. బాట వెంట చుట్టూ తిరిగి చేనుకు అవతలి పక్కకు పోవాలి.

పొద్దు పొడిచింది. లెన్సును మెల్లగా తిప్పుతూ వాగు చూశాను, ఇసుక చూశాను. చేను అవతలి గట్టు దగ్గర నల్లగా ఏదో పడి ఉంది. అడవిపంది. కాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. దాని పక్కన మోకాలెత్తున మంచు బొట్లు వరసగా మెరుస్తున్నాయి. సాలెగూడు అనుకున్నాను. ఫోకస్ సరిచేస్తే కర్రపుల్లలు కనిపించాయి, పుల్లకూ పుల్లకూ మధ్య సన్నని ఇనుప తీగ.

మా వైపు ఊళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. పందులు పల్లిచేనులో పడితే ఒక్క పూటలో తవ్విపోస్తాయి. కొందరు రైతులు పొద్దుగూకాక చేను చుట్టూ తీగ కట్టి కరెంటు తగిలిస్తారు, తెల్లారి మనుషులు తిరగకముందే తీసేస్తారు. తప్పు పని, జైలుకు పోయే పని. ఆ తీగలకు మనుషులు పోయినప్పుడు పేపరుకు ఫొటోలు తీసినవాణ్ని నేనే. నేను చేరేసరికి మనిషిని తీసుకుపోయేవారు, గట్టు మీద చెప్పులు మాత్రం ఉండేవి.

అప్పుడు లెన్సులోకి ఎడమ పక్క నుంచి సారయ్య వచ్చాడు.

అడుగుల కోసం నేల చూసుకుంటూ, చేను వైపే నడుస్తున్నాడు. టీ బల్లకు అవతల కూర్చున్నంత దగ్గరగా కనిపిస్తున్నాడు. తువ్వాలతో ముక్కు తుడుచుకున్నాడు. తీగకూ అతనికీ మధ్య నాలుగైదు అంగలు ఉంటాయి.

కేక నోటిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. పొద్దుటి నిశ్శబ్దంలో నా గొంతు అతనికి వినిపిస్తుంది, అనుమానం లేదు. వినిపిస్తే ఏం చేస్తాడు? పులి వెనకే ఉందనుకుంటాడు. అడగడు, తల తిప్పడు, ముందుకు ఉరుకుతాడు. ముందు ఉన్నది తీగ. టీ కొట్టు దగ్గర నేనే నేర్పించాను. నేను లేచి నిలబడి కూర్చుని చూపిద్దామంటే అతను గుట్ట వైపు చూడటం లేదు, చూడాలంటే కేక వెయ్యాలి. ఫోన్ చేద్దామంటే అతని ఫోన్ నా సంచిలో ఉంది.

యా అల్లా అనుకున్నాను. లెన్సు నుంచి కన్ను తీశాను. ఒక పచ్చటి ముక్క, దాని అంచున తెల్లచొక్కా చుక్క. తీగ లేదు, పంది లేదు. ఆ చుక్క అడుగు వేసిందో లేదో కూడా తెలియడం లేదు. మళ్లీ కన్ను పెట్టాలని ప్రాణం కొట్టుకుంది. చూస్తూ కూర్చుంటే అతను పడిపోవడం చూస్తాను, అంతే గదా. లెన్సును అక్కడే వదిలేసి గుట్ట దిగి ఉరికాను. అతని కంటపడేంత దగ్గరికి పోయి కూర్చుంటే చాలు, అతనూ కూర్చుంటాడు.

ఎట్లా దిగానో తెలియదు. వాగులో ఒకసారి పడ్డాను. ఒడ్డెక్కి చేను వైపు ఉరుకుతున్నాను. చూపంతా ఆ తెల్లచొక్కా మీదే. అది కదలకుండా నిలబడి ఉంది. నిలబడి ఉంది అంటే బతికే ఉన్నాడు. ఇంకా జోరుగా ఉరికాను.

ఉన్నట్టుండి తెల్లచొక్కా కిందికి పడిపోయింది.

పోయాడు, కరెంటు కొట్టింది అనుకున్నాను. అనుకునేలోపే నా మోకాళ్లు వంగాయి. నేను వంచలేదు, అన్నేళ్ల అలవాటు వంచింది. బురదలో చతికిలబడ్డాను. కళ్ల ముందు మంచు బొట్లు వరసగా వేలాడుతున్నాయి. నా ముఖానికీ వాటికీ మూరెడు దూరం లేదు.

చేనుకు నాలుగు పక్కలుంటాయని, పంది ఏ పక్క నుంచైనా వస్తుందని, తీగ చుట్టూ తిరుగుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం లెన్సులో కనిపించిన ఆ పక్కనే తీగ ఉంది. ఇవతలి పక్క లెన్సులో లేదు కాబట్టి నాకు లోకంలోనే లేదు.

పల్లి ఆకుల మీదుగా అవతలి గట్టున సారయ్య తల కనిపించింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"కదలకు అన్నా. సుట్టు ఉన్నది" అన్నాడు.

"నీ ముందట ఉన్నదని పైనుంచి సూసిన" అన్నాను.

"మరి కేకెందుకెయ్యలే?"

"కేకేస్తె ముందటికి ఉరుకుతవని."

"నేను గూడ గందుకే కూసున్న" అన్నాడు.

చచ్చిన పందిని చూడగానే అతనికి కాళ్లు ఆడలేదట. ఇది ఎట్లా చచ్చిందని భయపడి అటూ ఇటూ చూస్తే తీగ కనిపించింది. తీగ ఎటు పోయిందా అని చూపు తిప్పుకుంటూ వస్తే ఇవతలి పక్క ఉరికి వస్తున్న నేను కనిపించాను. అతని పిరికితనం మీద నేను చేసిన ఎగతాళి అంతా ఇంతా కాదు. నా ధైర్యం నన్ను తీగ దాకా తీసుకుపోయింది. పిల్లలూ, మీతో వచ్చేవాణ్ని ఎంచుకునేటప్పుడు భయస్తుణ్ని ఎంచుకోండి.

అట్లాగే కూర్చున్నాం. పంది పడ్డప్పుడే ఫ్యూజు కొట్టేసిందేమో, తీగలో ఏమీ లేదేమో. ఎవరికి తెలుసు? నేల తడిగా ఉంది. వెనక్కి జరగడానికి కూడా ఒంట్లో ధైర్యం లేదు. బొట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి, తీగ మెల్లగా కంటికి ఆనకుండా పోతోంది. అది చూస్తే ఇంకా భయం వేసింది.

చేను లోపల ఒక మూలకున్న మోటారు కొట్టం వైపు నుంచి రైతు వచ్చాడు. నడీడు మనిషి, ఉత్త కాళ్లు. ఇటొకడు అటొకడు కూర్చుని ఉండటం చూసి రాయిలా నిలబడిపోయాడు. వెంటనే కొట్టం చాటుకు ఉరికాడు, తిరిగి ఇటు వచ్చాడు, మళ్లీ అటు ఉరికాడు. ఏం చేస్తున్నాడో మాకు కనిపించడం లేదు. చివరికి నా దగ్గరికి వచ్చి, తీగకు అవతల నిలబడ్డాడు.

"తీసేసిన సార్. లేవుండ్రి. పొద్దెక్కెదాక కండ్లు తెరువలే" అన్నాడు.

నేను లేవలేదు. అవతల సారయ్య కూడా లేవలేదు.

"కేసు పెట్టకున్రి సార్. దండం పెడుత. పోయిన యాడాది చేనంత పందులపాలయింది."

"మా పానం పోతుండె గదనే" అన్నాను. కోపంగా అందామనుకున్నాను, ఏడుపు గొంతు వచ్చింది.

"తీసేసిన్నంటున్న గద. నమ్ముతలేరా?" అని, వంగి, తీగ మీదికి చెయ్యి చాపాడు.

ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూడటమే నా నౌకరీ. ఆ ఒక్కసారి రెండు కళ్లూ మూసుకున్నాను.

తెరిచేసరికి అతను తీగను పిడికిట్లో పట్టుకుని నిలబడే ఉన్నాడు. చెయ్యి వదలడం లేదు. పట్టుకున్న చేతిని తనే కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"తీసిన్నో లేదో, నాకే పక్కా యాదికి లేకుండె సార్" అన్నాడు.